మూలన నిలబెట్టిన కుర్రాడి ఆల్బమ్: హిప్‌హాపా, కాదా?

ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ ఉంటే తెరిచి, నిమిషానికి 90 దెబ్బలకు పెట్టండి. ఆ వేగానికి కాలు ఆడిస్తుంటే అమెరికన్ రాప్ పాటలు చాలావాటికి సరిపోతుంది. ఇప్పుడు దాన్ని 140కి పెంచండి. రెండు నిమిషాల్లో పిక్కలు పట్టేస్తాయి. 2003 జులై 21న లండన్‌లో విడుదలైన 'బాయ్ ఇన్ ద కార్నర్' ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు నడిచేది ఈ రెండో వేగానికి దగ్గర్లోనే. పాడింది డిజ్జీ రాస్కల్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. చాలా పాటలకు సంగీతం కట్టింది కూడా వాడే. అది వాడి మొదటి ఆల్బమ్.

షాపులవాళ్లు దాన్ని హిప్‌హాప్ అరలో పెట్టారు. కొందరు విమర్శకులు గరాజ్ (లండన్ క్లబ్బుల డ్యాన్స్ సంగీతం) అన్నారు. వాడు పెరిగిన పేటలో వినిపిస్తున్న ఈ కొత్త మోతకు అప్పటికింకా పేరే సరిగ్గా కుదరలేదు. తర్వాత 'గ్రైమ్' అనే మాట స్థిరపడింది. గ్రైమ్ అంటే ఇంగ్లీషులో పట్టేసిన మురికి, జిడ్డు. ఇరవై ఏళ్లు దాటినా ఈ ఆల్బమ్ హిప్‌హాపా కాదా అన్న వాదన తెగలేదు. వినడానికి ఇది పేరు గురించిన గొడవలా ఉంటుంది గానీ, నిజానికి ఈ సంగీతం ఎవరి దగ్గర నేర్చుకుందన్న గొడవ. అమెరికా దగ్గర నేర్చుకుందంటే లండన్ కుర్రాళ్లు మంచి శిష్యులు, అంతే. కాదంటే కథ మొత్తం మారిపోతుంది.

ముందు చుట్టరికం తేల్చుకుందాం. హిప్‌హాప్ పుట్టిన రోజుగా అందరూ చెప్పుకునేది 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో జరిగిన పార్టీ. ఆ రోజు రికార్డులు తిప్పిన డీజే కూల్ హెర్క్ పుట్టింది జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో. పన్నెండేళ్ల వయసులో, 1967లో, అమెరికా వచ్చాడు. జమైకా వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్ల పెట్టెలు పేర్చి పాటలు వేసే 'సౌండ్ సిస్టమ్' సంప్రదాయం ఉండేది. ఒకడు రికార్డు వేస్తే ఇంకొకడు మైకు పట్టుకుని దాని మీద మాటలు కట్టేవాడు. ఆ అలవాటు హెర్క్‌తో పాటు బ్రాంక్స్ చేరింది. అదే అలవాటు అంతకు ముందే ఇంకో దారిలో లండన్ కూడా చేరింది. 1948లో విండ్‌రష్ ఓడ జమైకా నుంచి వలస వచ్చినవాళ్లను ఇంగ్లాండ్ తీరంలో దింపింది. వాళ్ల వెనకాలే సౌండ్ సిస్టమ్ కూడా వచ్చింది.

కాబట్టి న్యూయార్క్ హిప్‌హాప్‌ని లండన్ గ్రైమ్‌కి తండ్రి వరస చేయడం కుదరదు. ఒకే అమ్మమ్మ ఇంటి నుంచి వేర్వేరు ఊళ్లకు వెళ్లిన అక్కచెల్లెళ్ల బిడ్డలు అవి. పెద్దమ్మ కూతురు ముందు పుట్టింది, డబ్బున్న ఊళ్లో పెరిగింది, టీవీలో కనిపించింది. దాంతో చిన్నదాన్ని చూసిన ప్రతివాళ్లూ 'అచ్చం అక్క పోలికే' అంటారు. పోలిక ఉంది, అబద్ధం కాదు. డిజ్జీ కూడా అమెరికన్ రాప్ బాగా విన్నాడు, ముఖ్యంగా మెంఫిస్‌కి చెందిన త్రీ సిక్స్ మాఫియాని. నిర్వాణా లాంటి రాక్ బ్యాండ్‌నీ విన్నాడు. కానీ పాట కట్టే పద్ధతి నేర్చుకుంది మాత్రం సొంత పేటలోనే.

మరి ఆ 140 ఎక్కడిది? 1990ల మొదట్లో లండన్ కుర్రకారు సంగీతం జంగిల్. నిమిషానికి 160 దాటే వేగం. తర్వాత వేగం తగ్గించుకుని, నునుపుగా, డ్యాన్సుకు వీలుగా యూకే గరాజ్ వచ్చింది, 130 చుట్టుపక్కల. రెండింటిలోనూ మైకు పట్టుకునే మనిషి, అంటే ఎమ్‌సీ, మొదట్లో పెళ్లి సందడిలో అనౌన్సర్ లాంటివాడు. జనాన్ని ఉత్సాహపరచడం, డీజేని పొగడటం. మెల్లగా ఎమ్‌సీలకు మాటలు ఎక్కువయ్యాయి. 2001లో సో సాలిడ్ క్రూ అనే పెద్ద ముఠా '21 సెకండ్స్' పాటతో బ్రిటిష్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. ఒక్కొక్కరికీ మైకు దగ్గర దొరికేది ఇరవై ఒక్క సెకన్లు. పేరులోనే వాటాల లెక్క ఉంది.

గరాజ్ క్లబ్బుల్లో నీటుగా తయారై వెళ్లాలి, స్పోర్ట్స్ షూ వేసుకుంటే చాలాచోట్ల గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్లు. లోపల షాంపేన్. పదహారేళ్లవాడికి, జేబులో డబ్బు లేనివాడికి అక్కడ పనేముంది? ఆ పిల్లలు ఇంట్లో కూర్చుని గరాజ్‌లోని తీపినంతా తీసేసి, ఎముకలు మాత్రం మిగిల్చారు. ప్లేస్టేషన్‌లో 'మ్యూజిక్ 2000' అనే గేమ్ లాంటి ప్రోగ్రామ్ ఉండేది, దానితో పాటలు కట్టినవాళ్లు ఉన్నారు. ఫ్రూటీ లూప్స్ అనే చవక సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లు ఇంకా ఎక్కువ. ఆ సాఫ్ట్‌వేర్ తెరవగానే వేగం 140 దగ్గర ఉండేదట, మార్చే ఓపిక లేక అందరూ అలాగే కానిచ్చారట అని ఒక సరదా కథ ఉంది. సరదాకి బాగుంది గానీ సగమే నిజం అనుకుంటాను. గరాజ్ అప్పటికే ఆ అంకెకు దగ్గర పడింది.

ఇక్కడ చెవికి ఒక తిరకాసు ఉంది. 140ని సగం చేసి 70గా లెక్కపెట్టినా తాళం సరిపోతుంది. డ్రమ్ములు నింపాదిగా పడుతుంటాయి, మాటలు మాత్రం పూర్తి వేగంతో పరిగెడతాయి. అందుకే ఈ పాటలు ఒకేసారి నత్తలాగా, తూటాలాగా అనిపిస్తాయి. మొదటిసారి విన్నప్పుడు నా స్పీకర్ పాడైందేమో అనుకున్నాను. బేస్ ఎక్కడో కింద గుర్రుమంటోంది, పైన మొబైల్ రింగ్‌టోన్ లాంటి పలచని ట్యూన్, మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీ మాట కోసం ఉంచిన చోటు అని అర్థం కావడానికి చాలాసార్లు వినాల్సి వచ్చింది.

ఆ ఖాళీ వెనక ఉన్నది దొంగ రేడియో. ఈ ఆల్బమ్ గురించి ఒక్క విషయమే తెలుసుకునే తీరిక ఉంటే అది ఇదే.

బ్రిటన్‌లో లైసెన్స్ లేకుండా రేడియో నడపడం నేరం. అయినా తూర్పు లండన్‌లో ఆకాశం నిండా దొంగ స్టేషన్లే. ఎత్తైన ప్రభుత్వ క్వార్టర్ల పైకప్పు మీద యాంటెన్నా బిగించడం, దూరంగా ఎవరిదో ఫ్లాట్‌లో స్టూడియో పెట్టడం. అధికారులు దాడి చేసి పీక్కుపోయేవాళ్లు, వాళ్లు వదిలేస్తే పోటీ స్టేషన్‌వాళ్లు ఎత్తుకుపోయేవాళ్లు. వీటిలో పేరున్నది 1994లో మొదలైన రిన్స్ ఎఫ్ఎమ్. ఇరుకు గదిలో ఒక డీజే, చుట్టూ అరడజను మంది ఎమ్‌సీలు, చేతులు మారే మైకు. డీజే మాటలు లేని రికార్డు వేస్తాడు. మొదటివాడు ఎనిమిది బార్లు (ఒక బార్ అంటే నాలుగు దెబ్బల తాళావర్తం) అంటాడు, లేదంటే పదహారు, వెంటనే రెండోవాడు అందుకుంటాడు. అందుకే ఆ కాలపు పాటల్లో ఎనిమిది బార్లకు ఒకసారి సంగీతం చటుక్కున మలుపు తిరుగుతుంది. మైకు అందించే సందు అది.

డీజే చేతిలోవి చాలావరకు షాపుల్లో దొరకని రికార్డులు. ఎవరో కుర్రాడు ముందురోజు ఇంట్లో కట్టిన ట్యూన్‌ని మెత్తటి అసిటేట్ ప్లేటు మీద ఒకే ఒక్క కాపీ కోయించి తెచ్చేవాడు. దాన్ని డబ్‌ప్లేట్ అంటారు. కొన్ని పదుల సార్లు తిప్పితే అరిగిపోతుంది. జనానికి నచ్చితే అప్పుడు పేరూ బొమ్మా లేని తెల్ల కాగితం అంటించిన ప్లేట్లు కొన్ని వందలు వేయించి, కారు డిక్కీలో పెట్టుకుని షాపుషాపుకీ తిరిగి అమ్మాలి. డిజ్జీ మొదటి పాట 'ఐ లవ్ యూ' 2002లో బయటికొచ్చింది ఈ దారినే.

మరి జనానికి నచ్చిందని స్టూడియోలో కూర్చున్నవాళ్లకు ఎలా తెలియాలి? మిస్డ్ కాల్. నిజంగానే. స్టేషన్ ఫోన్‌కి వినేవాళ్లు మిస్డ్ కాల్స్ ఇచ్చేవాళ్లు. ఎమ్‌సీ ఒక అదిరిపోయే మాట విసిరితే ఫోన్ ఆగకుండా మోగేది, డీజే రికార్డుని చేత్తో వెనక్కి లాగి మళ్లీ మొదటి నుంచి వేసేవాడు. దీన్ని రీలోడ్ అంటారు. మన పద్యనాటకాల్లో ఈలపాట రఘురామయ్య రాగం తీస్తే జనం 'వన్స్ మోర్' అని అరిచి అదే పద్యం మళ్లీ పాడించుకోవడం గుర్తుంది కదా, సరిగ్గా అదే. ఆ 'వన్స్ మోర్' కోసమే ఎమ్‌సీలు మాటలు చెక్కుకునేవాళ్లు. గురగురమనే రేడియోలో, పక్కవాడి నోటి నుంచి మైకు లాక్కుని, ఎనిమిది బార్లలో మెప్పించాలి. గొంతు పైకెత్తాలి, హల్లులు రాయిలా పడాలి. డిజ్జీ గొంతు అప్పుడే పగులుతున్న కుర్రాడి గొంతు, ఏడుపుకీ అరుపుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఎంత చెత్త సిగ్నల్‌లోనైనా అది చీల్చుకుని వస్తుంది. స్టూడియోలో సుఖంగా రికార్డ్ చేసిన ఆల్బమ్‌లో కూడా వాడు సిగ్నల్ పోతుందేమో అన్నట్టే పాడతాడు.

వాడి అసలు పేరు డిలన్ మిల్స్. 1984లో పుట్టాడు. తండ్రి నైజీరియా మనిషి, వీడి చిన్నప్పుడే పోయాడు. ఘనా నుంచి వచ్చిన తల్లి ఒక్కతే పెంచింది. ఊరు తూర్పు లండన్‌లోని బో. దక్షిణానికి తిరిగి చూస్తే కానరీ వార్ఫ్ కనిపిస్తుంది. ఒకప్పుడు అక్కడ ఓడరేవులు ఉండేవి, తూర్పు లండన్ కూలీలకు అన్నం పెట్టేవి. అవి 1980 నాటికి మూతపడ్డాయి. ఆ నేల మీద బ్యాంకుల టవర్లు లేచాయి. 1991లో పూర్తయిన ఒక టవర్ ఎత్తు 235 మీటర్లు, చాలా ఏళ్లు బ్రిటన్‌లో అదే పెద్దది. రాత్రి దాని కొన మీద లైటు మిణుకుమంటుంటే, అదే బరోలో, అంటే అదే మున్సిపాలిటీలో, ఉన్న కిక్కిరిసిన క్వార్టర్ల కిటికీల్లోంచి పిల్లలు చూసేవాళ్లు. లండన్‌లో బాగా పేదవైన వార్డులు, దేశంలో బాగా డబ్బు తిరిగే ఆఫీసులు ఒకే మున్సిపాలిటీ కింద! ఆల్బమ్‌లో ఆ టవర్ల వర్ణన కోసం వెతకక్కర్లేదు. కోపం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియడానికి ఈ మ్యాపు చాలు.

బడిలో వీడితో వేగడం కష్టమయ్యేది. నాలుగు స్కూళ్లు మారాల్సి వచ్చింది. 'రాస్కల్' అన్నది ఒక టీచర్ తిట్టిన తిట్టే అంటారు (మన పాత సినిమాల్లో జమీందార్లు గుడ్లురిమి అనే 'రాస్కెల్' ఇదే). చివరి స్కూల్లో మిగతా క్లాసులన్నిటి నుంచి బయట పెట్టేస్తే, సంగీతం టీచర్ ఒక్కరే రానిచ్చారు. అక్కడి కంప్యూటర్ మీద పాటలు కట్టడం మొదలైంది. ఆల్బమ్ పేరుకు అర్థం అదే, మూలన నిలబెట్టిన పిల్లాడు. మనకైతే గోడకుర్చీ. అట్ట మీద బొమ్మలో పసుపు పచ్చ గోడల గది మూల, నల్ల బట్టల్లో కుర్రాడు కూర్చుని ఉంటాడు, చేతివేళ్లతో తలకు కొమ్ములు పెట్టుకుని. దెయ్యం పిల్లాడు అన్నారుగా, ఇదిగో కొమ్ములు అన్నట్టు. నేను చూసిన అట్టల్లో ఇంత సూటిగా మాట్లాడేవి తక్కువ.

క్లాసులో మూలన నిలబడ్డవాడికి ఒక లాభం ఉంది. గది మొత్తం కనిపిస్తుంది. ఆల్బమ్‌లో మొదటి పాట 'సిట్టిన్ హియర్' అలాగే మొదలవుతుంది. వాడు ఏమీ చేయడు, ఊరికే కూర్చుని చూస్తుంటాడు. నిన్నటిదాకా బతుకు కాస్త తియ్యగా ఉండేదని గుర్తు చేసుకుంటాడు. నిన్న అంటే ఎంత, పద్దెనిమిదేళ్లవాడికి? 'బ్రాండ్ న్యూ డే'లో, మనం పెద్దయ్యాక కూడా ఇవే గొడవల్లో ఉంటామా అని తోటివాళ్లను అడుగుతాడు. రాప్ అనగానే గొప్పలు చెప్పుకోవడం అనుకునేవాళ్లకు ఈ దిగులు వింతగా ఉంటుంది. గొప్పలూ ఉన్నాయి, లేకపోలేదు. ఒక పాటలో అప్పటి ప్రధానికి తానొక తలనొప్పినని చెప్పుకుంటాడు, టోనీ అని కూడా అనడు, ఆంథనీ బ్లెయిర్ అని హాజరు పట్టీలో పిలిచినట్టు పూర్తి పేరు పెట్టి!

'ఐ లవ్ యూ' పేరు చూసి మోసపోకండి. ఒక ఆడగొంతు 'ఐ లవ్ యూ' అన్న ముక్కని యంత్రంలా మళ్లీ మళ్లీ పలికిస్తూ, దాని మీద టీనేజ్ గర్భం గురించిన దెబ్బలాట నడుస్తుంది. అబ్బాయి తప్పించుకుంటాడు, తిడతాడు. తర్వాత అమ్మాయి మైకు అందుకుని అంతే ఘాటుగా తిరిగి ఇస్తుంది. ఆ జవాబు లేకపోతే పాట భరించడం కష్టం. 'జెజెబెల్'లో పేటంతా నోళ్లలో నానే ఒక అమ్మాయి కథ చెబుతాడు, చిన్న వయసులోనే తల్లయి మిగిలిపోయే అమ్మాయి. జాలి ఉంది, దాని కింద తీర్పు కూడా ఉంది. ఇక్కడ ఇంకో మాట దాచకూడదు. 2022లో, పెళ్లి అనుకుని విడిపోయిన మాజీ భాగస్వామిపై దాడి చేసిన కేసులో కోర్టు ఇతన్ని దోషిగా తేల్చింది. ఈ పాటల్ని అంతకు ముందులా వినలేనివాళ్లు ఉన్నారు. నాకూ 'ఐ లవ్ యూ'లో ఇప్పుడు ఆ అమ్మాయి వంతు మాత్రమే గట్టిగా వినిపిస్తుంది.

భాష సంగతి. అంతకు ముందు బ్రిటన్‌లో రాప్ లేదని కాదు. 1980ల్లో చాలామంది అమెరికన్ యాస అరువు తెచ్చుకుని పాడేవాళ్లు. లండన్ పాసీ లాంటివాళ్లు 1990కల్లా సొంత యాసకు దిగారు. రూట్స్ మనువా 1999లో, 'ద స్ట్రీట్స్' పేరుతో మైక్ స్కిన్నర్ 2002లో తమ మొదటి ఆల్బమ్‌లతో ఇంకా ముందుకు తీసుకెళ్లారు. డిజ్జీ దగ్గరికి వచ్చేసరికి యాస గురించి ఆలోచించాల్సిన అవసరమే పోయింది. కాక్నీ (తూర్పు లండన్ కూలీల పాత యాస), జమైకన్, పశ్చిమ ఆఫ్రికా మాటతీరు, అన్నీ ఒకే క్లాస్‌రూమ్‌లో కలిసి ఉడికిన భాష అది. ఆ తర్వాతి ఏళ్లలో భాషాశాస్త్రవేత్తలు దానికి 'మల్టీకల్చరల్ లండన్ ఇంగ్లీష్' అని పేరు పెట్టి పరిశోధించారు. ఆల్బమ్ పేరులో 'ద' అన్న ముక్క స్పెల్లింగ్ కూడా డిక్షనరీలో ఉన్నట్టు ఉండదు, నోట్లో ఎలా ఉందో అలా రాశారు. యాసలో కథలు రాస్తే 'ఇది భాషేనా' అనిపించుకున్న మన శ్రీకాకుళం, తెలంగాణ రచయితలకు ఈ మొండితనం కొత్తగా అనిపించదు.

రికార్డు విడుదలకు రెండు వారాల ముందు, సైప్రస్‌లోని అయియా నాపాలో డిజ్జీ మీద కత్తిపోట్లు పడ్డాయి. గురువులాంటి ఎమ్‌సీ వైలీతో, ఆయన నడిపే రోల్ డీప్ బృందంతో కలిసి వెళ్లిన ట్రిప్ అది. బతికి బయటపడ్డాడు, వైలీతో స్నేహం మాత్రం అక్కడే తెగింది. అంతకంటే లోతుగా ఆ రాత్రిని తవ్వడం నాకు ఇష్టం లేదు, పత్రికలు అప్పుడే చాలినంత తవ్వాయి. సెప్టెంబర్ 9న మెర్క్యురీ ప్రైజ్ ప్రకటించారు. ఏడాదిలో వచ్చిన మేటి బ్రిటిష్, ఐరిష్ ఆల్బమ్‌కి ఇచ్చే బహుమతి, అప్పట్లో 20,000 పౌండ్లు. పోటీలో రేడియోహెడ్, కోల్డ్‌ప్లే. గెలిచింది మూలన కూర్చున్న కుర్రాడు, పంతొమ్మిది నిండడానికి ఇంకా కొన్ని రోజులుంది. ముందు ఏడాది గెలిచిన మిస్ డైనమైట్ కూడా గరాజ్ గూటి నుంచి వచ్చిన అమ్మాయే.

బహుమతి వచ్చిందని జనం ఎగబడి కొనేశారనుకోకండి. చార్టుల్లో 23వ స్థానం దాటలేదు. సింగిల్స్‌లో అన్నిటికంటే పైకెక్కింది 'ఫిక్స్ అప్, లుక్ షార్ప్', 17వ స్థానం. దాని తాళం అమెరికన్ రాక్ గాయకుడు బిల్లీ స్క్వయర్ 1980 నాటి పాట 'ద బిగ్ బీట్' నుంచి తీసిన డ్రమ్స్. హిప్‌హాప్‌వాళ్లు ఎన్నోసార్లు వాడుకున్న ముక్క అది, అదే ఏడాది నవంబర్‌లో అమెరికన్ రాపర్ జే-జీ కూడా '99 ప్రాబ్లమ్స్'లో వాడాడు. వేగం కూడా 140కి చాలా కింద. అంటే ఆల్బమ్ మొత్తంలో ఎక్కువ మందికి చేరిన పాట, అన్నిటికంటే అమెరికన్ హిప్‌హాప్‌లా ఉన్న పాట. పెద్దమ్మ కూతురి చీర కట్టుకున్న రోజునే చుట్టాలు గుర్తుపట్టారు.

కాబట్టి హిప్‌హాపా, కాదా? ఆ ఒక్క పాట ముమ్మాటికీ హిప్‌హాప్. మిగిలినవి చాలావరకు కాదు అనే నా పక్షం. లయ వేరు, పాట కట్టే కొలత వేరు, అన్నిటికంటే ముందు పాట ఎవరికోసం కట్టారో ఆ చోటు వేరు. హిప్‌హాప్ పెరిగింది పార్టీలో, వీధిలో. ఇది పెరిగింది గదిలో దాక్కుని, తరంగాల మీద. 'మాట ప్రధానమైన నల్లవాళ్ల పట్టణ సంగీతమంతా హిప్‌హాపే' అని వాదించేవాళ్లకు నా దగ్గర గట్టి జవాబు లేదు, కానీ అంత పెద్ద సంచిలో వేస్తే ఏ వస్తువైనా కనపడకుండా పోతుంది.

అరలో ఎక్కడ పెట్టాలో షాపులవాళ్లు తేల్చుకోలేకపోయినా, పోలీసులకు అంత సందేహం లేదు. 2005 నుంచి లండన్ పోలీసులు ఫారం 696 అనే కాగితం తెచ్చారు. సంగీత కార్యక్రమం పెట్టేవాళ్లు అందులో పాడేవాళ్ల వివరాలు నింపాలి. మొదట్లో ఏ రకం సంగీతం, వచ్చే జనం ఏ జాతివాళ్లు అని కూడా అడిగేది. గ్రైమ్ రాత్రులు ఎన్నో ఆ కాగితం కింద ఆగిపోయాయి. 2017లో గానీ దాన్ని ఎత్తేయలేదు. అదే 2005లో రిన్స్ ఎఫ్ఎమ్ పెట్టినవాళ్లలో ఒకడైన డీజే స్లిమ్‌జీకి కోర్టు ఒక విచిత్రమైన శిక్ష వేసింది, బో ఉన్న బరోలో బిల్డింగుల పైకప్పులు ఎక్కకూడదని. ఇంత చేశాక 2010లో రిన్స్‌కి లైసెన్స్ ఇచ్చింది ఆ ప్రభుత్వ వ్యవస్థే.

డిజ్జీ ఈలోపు వేరే దారిలో వెళ్లాడు. 2008, 2009ల్లో డ్యాన్స్ పాటలతో చార్టుల్లో మొదటి స్థానం చూశాడు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ప్రపంచమంతా చూస్తుండగా వాటిలో ఒకటైన 'బాంకర్స్' పాడాడు. ఆ స్టేడియం స్ట్రాట్‌ఫర్డ్‌లో, బో నుంచి నడిచి వెళ్లేంత దూరం. 'బాయ్ ఇన్ ద కార్నర్' పాటలు వాడి నోట మొదటి నుంచి చివరి దాకా వినాలంటే మాత్రం సొంత ఊరివాళ్లు ఇంకో నాలుగేళ్లు ఆగాల్సి వచ్చింది. ముందు న్యూయార్క్‌లో పాడాడు, 2016 మే నెలలో. లండన్‌వాళ్లు అలిగారు. అక్టోబర్‌లో, అదే ఒలింపిక్ పార్కులోని కాపర్ బాక్స్ హాల్లో, 'సిట్టిన్ హియర్' నుంచి మొదలుపెట్టాడు.